సెలవు రోజు నొప్పి

పోయిన వారం పెద్దక్కని కిడ్నీ డాక్టరు ఎదుట తల వంచుకుని కూర్చున్న చోట వదిలాం. దొంగ అనిపించుకుని కూర్చుంది. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే కార్ఖానాలో పద్దెనిమిదేళ్ళుగా మడతల పని చేస్తున్న మనిషి. నిలబడి నిలబడి ఎడమ తుంటి కీలు అరిగిపోయింది. ఆ నొప్పికి కార్ఖానా వాళ్ళే పంచిపెట్టిన మాత్రలు తొమ్మిదేళ్ళు మింగింది, మింగి కిడ్నీలు పాడు చేసుకుంది. ఆ రకం మాత్ర ఇక ఒక్కటి కూడా ముట్టుకోవద్దని మూడు నెలల కిందట డాక్టరు చెప్పాడు. ఆమె ముట్టుకోలేదు. అయినా రక్తపరీక్షలో అంకె తగ్గకపోగా పెరిగింది. చాటుగా మింగుతున్నావన్నాడు డాక్టరు. ఆమె కాదంది. ఆయన నమ్మలేదు. అంకె ఇంకొంచెం పెరిగితే తుంటి మార్చే ఆపరేషనుకి ఎవరూ ఒప్పుకోరని, బతికినన్నాళ్ళూ ఆ కాలితోనే ఈడ్చుకోవాలని చెప్పి, తర్వాతి వాళ్ళని పిలిచాడు.

అబద్ధం ఆడినవాళ్ళకి కనీసం దాచుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. నిజం చెప్పి తిట్లు తిన్నవాళ్ళకి అదీ ఉండదు. పెద్దక్క కుడి చేత్తో కర్ర పట్టుకుని వరండా దాటి వ్యాయామం గదికి వెళ్ళింది. నొప్పి ఎడమ తుంటిలో ఉంటే కర్ర కుడి చేతిలో ఎందుకని మొదట్లో అందరూ నవ్వారు. అలా పట్టుకుంటేనే బరువు అరిగిన కీలు మీద పడదని నేర్పింది ఆ గదిలో పనిచేసే అమ్మాయి. పెద్దక్క ఆమెకి లెక్కలమ్మాయి అని పేరు పెట్టింది. పది అనేసరికి మన ప్రాణం పోతుంటుంది, ఆ పిల్ల తాపీగా ఇంకో రెండు అంటుంది.

మూడు నెలల కిందట లెక్కలమ్మాయి ఆమె చేతికి గళ్ళ కాగితం ఒకటి ఇచ్చింది. రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె వెయ్యాలి. పెద్దక్క ఒక్క రోజు కూడా తప్పలేదు. ఇవాళ ఆ కాగితం బల్ల మీద పరిచి లెక్కలమ్మాయి ఒక్కో గడి మీదా వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళింది. తర్వాత పెన్నుతో కొన్ని గళ్ళ చుట్టూ గీతలు గీసింది. ఆదివారం ఏడు. ఆదివారం ఎనిమిది. మళ్ళీ ఆదివారం ఎనిమిది. మధ్యలో పని రోజులన్నీ మూడు, నాలుగు, మూడు.

కాలు చాపుకుని ఇంట్లో ఉన్న రోజు నొప్పి ఎనిమిది. తొమ్మిది గంటలు నిలబడి పనిచేసిన రోజు మూడు. ఇది ఏ తుంటి కూడా చెయ్యని పని అంది లెక్కలమ్మాయి. పెద్దక్కకి కూడా అది వింతగానే తోచింది. పనిలో ఉంటే నొప్పి మర్చిపోతానేమో అంది. మర్చిపోతే ఈ మూడు రోజులూ ఎందుకు మర్చిపోలేదని ఇంకో మూడు గళ్ళు చూపించింది ఆ పిల్ల. సోమ, మంగళ, బుధ. పని రోజులే. మూడింటిలోనూ ఎనిమిది. ఆ వారం ఏం జరిగిందని అడిగింది. పెద్దక్క గుర్తు తెచ్చుకుంది. ఆ మూడు రోజులూ తనతో జంటగా దుప్పట్లు మడిచే చిలక రాలేదు. పిల్లకి జ్వరమని సెలవు పెట్టింది.

అప్పుడు లెక్కలమ్మాయి పెన్ను పక్కన పెట్టి మెల్లగా అడిగింది. పనిలో మాత్రమే తిని, ఇంట్లో తిననిది ఏమైనా ఉందా? తాగేది?

నిమ్మనీళ్ళు అంది పెద్దక్క. ఆ మాట అంటుండగానే ఇద్దరికీ తెలిసిపోయింది. మడతల హాల్లో ఆవిరికి ఒళ్ళు ఉడికిపోతుందని చిలక రోజూ రెండు సీసాల నిమ్మనీళ్ళు తెస్తుంది. ఒకటి తనకి, ఒకటి అక్కకి. ఇచ్చే ముందు సీసాని గట్టిగా కుదిపి ఇస్తుంది. పంచదార అడుగున ఉండిపోతుందని పెద్దక్క అనుకునేది.

వెళ్ళబోతుంటే లెక్కలమ్మాయి ఆపి ఆమెని బల్ల మీద పక్కకి పడుకోబెట్టి కాలు ఎత్తించింది. పద్నాలుగు సార్లు ఎత్తింది. మొదటి రోజు నాలుగుసార్లు కూడా ఎత్తలేకపోయింది. 'ఈ బలం మాత్ర వల్ల రాదు పెద్దమ్మా. ఇది నీదే' అంది ఆ పిల్ల. పెద్దక్క తల ఊపింది గాని ఆ మాట చెవుల దాకానే వెళ్ళింది.

దుప్పట్ల మడత ఎలా ఉంటుందో చూడనివాళ్ళు దాన్ని చిన్న పని అంటారు. పొగలు కక్కే రోలర్ల నుంచి దుప్పటి కాలుతూ బయటికి వస్తుంది. ఇద్దరు మనుషులు చెరో రెండు కొసలు పట్టుకుని వెనక్కి నడిచి, బిగలాగి, విదిలించి, నిలువుగా మడిచి, మళ్ళీ ముందుకు నడిచి ఎదురుపడి కొసలు కలపాలి. ఒకరు కిందికి వంగి వేలాడే మడత అందుకోవాలి. మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకి. ఒక జంట రోజుకి నాలుగు వందల దుప్పట్లు మడవాలి. ఆగడానికి లేదు, వెనక రోలరు ఆగదు. వంగే పని ఆరేళ్ళుగా చిలకే చేస్తోంది. ఎవరూ అడగలేదు. ఒక రోజు పెద్దక్క వంగి లేవలేకపోతే ఆ రోజు నుంచి తనే తీసుకుంది.

అక్కడి రూలు ఇంకోటి ఉంది. జంటలో ఒకరు పనికిరాకుండా పోతే రెండో మనిషికి కొత్త జంట దొరకదు. మైల గదికి పంపుతారు. ఆస్పత్రుల నుంచి వచ్చిన మూటలు విప్పి, రక్తం ఉన్నవి ఒక పక్కకి, లేనివి ఒక పక్కకి ఏరే గది. మూటల్లో ఒక్కోసారి సూదులు ఉంటాయి. చిలక ముందు రెండేళ్ళు అక్కడే చేసింది. ఒక రోజు గ్లవ్వు లోంచి సూది దిగింది. ఏ రోగిదో తెలియదు. రక్తపరీక్షలు అన్నీ అయ్యి, ఏమీ లేదని తేలడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ మొగుడు ఆమె కంచం వేరు పెట్టాడు, చంటిపిల్లని ఎత్తుకోనివ్వలేదు. వసపిట్టలా వాగుతుందని ఈ హాల్లో ఆమెకి చిలక అని పేరు. ఆ ఆరు నెలల గురించి మాత్రం ఎప్పుడూ వాగదు.

పెద్దక్క పదకొండింటికి హాల్లోకి వచ్చి, కర్ర గోడకి ఆనించి, తన కొసలు అందుకుంది. కర్ర పట్టుకుని ఫ్లోరు మీద తిరగకూడదని సూపర్‌వైజరు ఆర్డరు. అతని చొక్కాలన్నీ ఒకే గళ్ళవి, అందుకని గళ్ళచొక్కా. చిలక నిమ్మనీళ్ళ సీసా కుదిపి బల్ల మీద పెట్టింది. డాక్టరు ఏమన్నాడని అడిగింది.  దుప్పటి బిగలాగి, మడిచి, ముందుకు నడిచి, ఇద్దరి చేతులూ కలిసే చోట పెద్దక్క అడిగింది.

"ఆ నీళ్ళలో ఏం కలుపుతున్నావు?"

చిలక వంగి మడత అందుకుంది. వెనక్కి నడిచింది. మళ్ళీ ఎదురుపడేసరికి జవాబు సిద్ధంగా ఉంది. "ఉప్పు. పంచదార."

"ఇంకా?"

ఆ దుప్పటి దొంతర మీదకి వెళ్ళింది. ఇంకో దుప్పటి వచ్చింది. కాలుతోంది. ఇద్దరూ వెనక్కి నడిచి, విదిలించి, ముందుకొచ్చారు. చిలక మొహం ఎత్తలేదు. ఇంకో దుప్పటి. హాల్లో ఇరవై జంటలు ఇలాగే వస్తున్నాయి, పోతున్నాయి. ఎవరి మాట ఎవరికీ వినబడదు. రోలర్ల మోత అలాంటిది.

"మాత్ర పై రంగు గోటితో గీకేస్తాను," అంది చిలక నాలుగో దుప్పటి దగ్గర. "లోపల తెల్లగానే ఉంటుంది."

పెద్దక్క చేతిలోంచి ఒక కొస జారింది. పద్దెనిమిదేళ్ళలో కొస జారడం అది ఎన్నోసారో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మళ్ళీ అందుకుంది. ఎన్ని అని అడిగింది. మొదట్లో ఒకటేనంది చిలక. ఈ నెల నుంచి రెండు. ఈ నెల నుంచి రెండెందుకని అడిగింది. నువ్వు మళ్ళీ కుంటుతున్నావు కదా అంది చిలక. కూర తక్కువైతే ఇంకో గరిటె వేశానన్నంత మామూలుగా అంది.

"నా కిడ్నీలు పోతున్నాయే."

"నువ్వు పడిపోతే నేను ఆ గదికి పోవాలక్కా."

"అయితే నేను చచ్చినా పర్లేదా?"

"తొమ్మిదేళ్ళు మింగావు, చావలేదుగా. మూడు నెలలకి చస్తావని నేనేం కలగన్నానా? డాక్టరు మానెయ్యమంటాడు. మానేశావు. ఆ వారం ఎలా నడిచావో నీకు గుర్తులేదు, నాకుంది. గళ్ళచొక్కా నీ కాళ్ళకేసే చూస్తున్నాడు. నీ చేత మింగించాలని ఎంత బతిమాలాను? విన్నావా?"

ఇదంతా ఒకేసారి అన్నది కాదు. ఆరు దుప్పట్ల మీద, ముక్కలు ముక్కలుగా, కొసలు కలిసినప్పుడల్లా ఒక ముక్క చొప్పున అన్నది. విడిపోయి వెనక్కి నడిచిన ప్రతిసారీ పెద్దక్కకి తన మూడు నెలలు ఒక్కో రోజూ కళ్ళ ముందు కూలుతున్నట్టు అనిపించింది. తెల్లారి లేచి వేడినీళ్ళ సంచి తుంటి కింద పెట్టుకోవడం. గోడ పట్టుకుని కాలు పక్కకి ఎత్తడం. మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకోవడం. మంచం ఎత్తుగా ఉండాలని కాళ్ళ కింద ఇటుకలు పెట్టించడం. ఆరు కిలోలు తగ్గడానికి మానేసిన తిండి. వీటన్నిటితో నొప్పిని లొంగదీశాననుకుంది. భోజనాల గదిలో నలుగురినీ కూర్చోబెట్టి గొప్పగా చెప్పింది. తన మాట నమ్మి ఇద్దరు ఆడవాళ్ళు మాత్రలు మానేసి, పళ్ళు బిగించుకుని పనిచేస్తున్నారు. వాళ్ళ సీసాల్లో ఎవరూ ఏమీ కలపడం లేదు. వాళ్ళు నిజంగా ఓర్చుకుంటున్నారు. తను మాత్రం వాళ్ళకి నీతులు చెబుతూ రోజుకి రెండు మింగుతోంది.

మాత్రలు ఎక్కడివని అడిగింది. ఎక్కడివేంటక్కా అంది చిలక. మందుల గదిలో దూదమ్మ ఇస్తుంది. దూదమ్మ అంటే కార్ఖానా నర్సు. ఏ దెబ్బకైనా దూది ఉండ ఒకటి పెట్టి పంపేస్తుంది గనక ఆ పేరు. నొప్పి మాత్రలు మాత్రం అడిగినన్ని ఇస్తుంది, స్టీలు పళ్ళెంలో బఠాణీలు పోసినట్టు పోసి ఉంటాయి. జంటలో ఎవరొచ్చినా ఇద్దరివీ తీసుకుపోవచ్చు. మనిషి నిలబడాలి, రోలరు ఆగకూడదు, అంతే అక్కడి వైద్యం. పుస్తకంలో మాత్రం ఎవరి పేరున తీసుకుంటే వాళ్ళ సంతకం ఉండాలి.

"నీ సంతకం నేనే పెడుతున్నాను," అంది చిలక.

పెద్దక్క ఆగిపోయింది. అప్పుడు నిజంగా ఆగింది. వెనక రోలరు మీద దుప్పట్లు ముద్దగా పడుతుంటే పక్క జంట అరిచింది.

ఆమె ఆగింది కిడ్నీల కోసం కాదు. స్టూలు కోసం. నెల కిందట ఆమె లేబర్ ఆఫీసుకి అర్జీ పెట్టింది. ఆస్పత్రి పేర్ల చీటీలు అంటించే బల్ల దగ్గర ఒక ఎత్తు స్టూలు వేసి, తనని అక్కడ కూర్చుని పనిచెయ్యనివ్వాలని. నొప్పి మాత్రలు మానేశాను, ఆపరేషనుకి పద్నాలుగు నెలల వరస ఉంది, అప్పటిదాకా కాలు మీద బరువు తగ్గితే మాత్ర లేకుండా నెట్టుకురాగలనని. గళ్ళచొక్కా ఆఫీసరు ముందు నవ్వాడు. ఈమె రోజుకి నాలుగు వందల దుప్పట్లు మడుస్తోందండీ, గుర్రంలా తిరుగుతోంది, స్టూలు దేనికి అన్నాడు. ఆఫీసరు ఒక రోజు స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. ఆ నాలుగు వందలు ఎలా వచ్చాయో పెద్దక్కకి ఇప్పుడు తెలిసింది. పడిపోకుండా నిలబెట్టాలని చిలక కలిపిన మాత్రే, కూర్చునే హక్కు అడిగే నోరు మూసేసింది.

ఆమె సీసా తీసుకుని, గోడవారన ఉన్న మురుగు కన్నంలో ఒంపేసింది. చిలక చూస్తూ ఉంది. ఏడవలేదు. దుప్పట్లు పేరుకుపోతున్నాయి రా అక్కా అంది.

మర్నాటి నుంచి పెద్దక్క ఇంటి నుంచి తన నీళ్ళు తనే తెచ్చుకుంది. రెండో రోజుకల్లా ఒంట్లోంచి ముసుగు తీసేసినట్టయింది. గజ్జల్లో మొదలై తొడ లోపలగా మోకాలి దాకా ఎవరో తుప్పు పట్టిన మేకు తిప్పుతున్నట్టు ఉండేది. వెనక్కి నడవడం కొంత నయం, ముందుకి నడిచేటప్పుడు ప్రాణం తోడేసేది. డాక్టరు ఒప్పుకున్న వేరే రకం మాత్ర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుంది, ఆపైన వేసుకోలేదు. భోజనాల విరామంలో తినడం మానేసి దుప్పటి దొంతరల మీద పక్కకి పడుకుని కాలు ఎత్తింది. రోజుకి రెండు వందల దుప్పట్లు కూడా కాలేదు. బోర్డు మీద ఆ జంట అంకె కింద గళ్ళచొక్కా ఎర్ర గీత గీశాడు. చిలక వంగే పనితో పాటు నడిచే పనిలో కూడా సగం తీసుకుంది. పెద్దక్క నాలుగడుగులు వేస్తే తను ఎనిమిది వేసేది. ఇద్దరి మధ్య అవసరమైన మాటలే నడిచాయి. ఒకసారి మాత్రం ఎదురుపడ్డప్పుడు చిలక, కొడితే కొట్టక్కా, ఇలా ఊరుకోకు అంది. కొట్టే ఓపిక ఉంటే దుప్పటి మడిచేదాన్ని అంది పెద్దక్క. చిలకకి నవ్వొచ్చింది. పెద్దక్కకి రాలేదు.

గళ్ళ కాగితంలో ఆ ఆరు రోజులూ వరసగా ఇలా ఉన్నాయి. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది, ఎనిమిది, ఏడు. ఎవరి చెయ్యీ లేకుండా తగ్గింది ఆ రెండంకెలే.

ఏడో రోజు మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా లేబర్ ఆఫీసరు వచ్చాడు. పొట్టి మనిషి, చెమటకి కళ్ళద్దాలు జారుతుంటే వేలితో పైకి తోసుకుంటూ పావుగంట గోడ పక్కన నిలబడి చూశాడు. పెద్దక్క మడిచింది. దాచడానికి చూడలేదు, పెంచి చూపించనూ లేదు. ముందుకి నడిచిన ప్రతిసారీ నడుం ఒక పక్కకి ఒరిగిపోతోంది, పెదవి పళ్ళ కింద తెల్లబడుతోంది. ఆఫీసరు తన కాగితాల మీద ఏదో రాసుకున్నాడు. ఆ జంట దగ్గరికొచ్చి, ఇలా నిలబెట్టి పని చేయించుకోవడం ఏంటయ్యా అని గళ్ళచొక్కాతో అన్నాడు. ఆ మాట పెద్దక్కకి వినబడింది. నెల రోజుల్లో ఆ హాల్లో ఆమెకి వినబడ్డ మొదటి మంచి మాట అది.

గళ్ళచొక్కా దానికి కంగారు పడలేదు. దూదమ్మని పిలిపించి పుస్తకం తెప్పించాడు. పేజీ తెరిచి ఆఫీసరు చేతికిచ్చాడు. మూడు నెలల నుంచి రోజూ ఈమె నొప్పి మాత్రలు సంతకం పెట్టి తీసుకుంటోందండీ అన్నాడు. మానేశానని మీకు అర్జీలో రాసింది. పోయిన వారం దాకా నాలుగు వందలు మడిచింది. మీరు వస్తారని తెలిసి వారం నుంచి కుంటుతోంది, నాటకమండీ అన్నాడు.

ఆఫీసరు పేజీలు తిప్పాడు. అతని మొహంలో కిడ్నీ డాక్టరు మొహం కనబడింది పెద్దక్కకి. అదే చూపు.

"ఈ సంతకాలు మీవేనామ్మా?"

దుప్పటి ఇద్దరి మధ్య వేలాడుతోంది. అవతలి రెండు కొసలూ చిలక చేతుల్లో ఉన్నాయి. కాదంటే తర్వాతి ప్రశ్న ఎవరిదని. అవునంటే స్టూలు లేదు, డాక్టరు దగ్గర మాట లేదు, ఆపరేషను లేదు.

"కాదు," అంది పెద్దక్క.

ఆఫీసరు ఒక తెల్ల కాగితం, పెన్ను ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. ఆమె దుప్పటి దొంతర మీద ఆనించి పెట్టింది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. చాలాసేపు చూడక్కర్లేకపోయింది. ఇవి ఎవరివి మరి అన్నాడు.

"అది తర్వాత అడుగుదురు గాని, ముందు ఈవిడని అడగండి సార్," అని పెద్దక్క దూదమ్మ వైపు చూసింది. "మూడు నెలలు నా పేరున మాత్రలు ఇచ్చింది. నా మొహం ఎన్నిసార్లు చూసింది? నీకేం జబ్బు, నీ కిడ్నీలెలా ఉన్నాయని ఈ తొమ్మిదేళ్ళలో ఎన్నిసార్లు అడిగింది?"

దూదమ్మ గళ్ళచొక్కా వైపు చూసింది. ఆఫీసరు కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. అదీ రాసుకుంటానన్నాడు. కాని దొంగ సంతకం ఎవరిదో తేలకుండా ఈ పుస్తకం అబద్ధమని తను రాయలేనని, అది రాయకపోతే అర్జీ ఇవాళ్టితో సరి అని చెప్పాడు. పేరు చెప్పమన్నాడు.

పెద్దక్క చెప్పలేదు. పెన్ను వేళ్ళ మధ్య పట్టుకుని ఒంటికాలి మీద నిలబడింది.

గళ్ళచొక్కా ఆమె వైపు చూడలేదు. చిలక వైపు తిరిగి, పిల్లల్ని పలకరించినంత మెత్తగా అన్నాడు. "మైల గదిలో ఒక మనిషి తక్కువైంది. రేపటి నుంచి ఎవర్ని పంపాలా అని చూస్తున్నా."

హాల్లో రోలర్లు తిరుగుతూనే ఉన్నాయి. చిలక కొసలు వదిలేసింది. శుభ్రమైన దుప్పటి నేల మీద పడింది. దాన్ని తొక్కుకుంటూ నడిచొచ్చి, పెద్దక్క సంతకం పెట్టిన తెల్ల కాగితం తన ముందుకు లాక్కుని, ఆమె చేతిలో పెన్ను పట్టుకుంది. పెద్దక్క వదల్లేదు.